నారా ఆలయ ప్రాంతం: ఒక రోజు కాలినడకకు సమగ్ర మార్గదర్శి

జపాన్ వెళ్ళే మనవారు చాలామంది క్యోటోకు మూడు నాలుగు రోజులు కేటాయించి, నారాను ఒక పూటలో ముగిస్తారు. రైలు దిగి, జింకలతో ఫొటోలు తీసుకుని, పెద్ద బుద్ధుణ్ణి చూసి, మధ్యాహ్నానికల్లా తిరుగు రైలెక్కుతారు. ఇది పొరపాటని నా అభిప్రాయం. 710 నుంచి 784 వరకు జపాన్‌కు రాజధానిగా ఉన్న ఈ ఊరిలో మన చెవికి అలవాటైన పేర్లు అడుగడుగునా జపనీస్ ఉచ్చారణలో ఎదురవుతాయి. అషురా అంటే అసురుడు, కరురా అంటే గరుడుడు, బొంతెన్ అంటే బ్రహ్మ, తైషాకుతెన్ అంటే ఇంద్రుడు. ఈ పేర్లను గుర్తుపడుతూ నడవడానికి వీలుగా, పొద్దున్న ఏడు గంటలకు మొదలై సాయంత్రం ఐదింటికి ముగిసే ఒక వలయాకార మార్గాన్ని కింద వివరిస్తున్నాను. మొత్తం నడక ఏడెనిమిది కిలోమీటర్లు ఉంటుంది. ఎక్కువ భాగం చదును నేల, మధ్యలో కొన్ని మెట్లు.

బయలుదేరే ముందు

క్యోటో నుంచి నారాకు రెండు రైలు మార్గాలున్నాయి. కింతెత్సు సంస్థ ఎక్స్‌ప్రెస్‌లో సుమారు 35 నిమిషాలు పడుతుంది. జేఆర్ (జపాన్ రైల్వేస్) రైలులో వేగంగా వెళ్ళేదైనా ముప్పావు గంట పడుతుంది. జేఆర్ పాస్ ఉన్నవారు సహజంగా రెండోదే ఎంచుకుంటారు గాని, జేఆర్ స్టేషన్ నుంచి ఆలయాల వైపు మరో పావుగంటకు పైగా నడవాలి. కింతెత్సు నారా స్టేషన్ దాదాపు ఆలయ ప్రాంతపు గుమ్మంలోనే ఉంది. అందుకే ఈ మార్గదర్శి కింతెత్సు స్టేషన్ దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. పెద్ద సంచులను స్టేషన్‌లోని నాణేల లాకర్లలో పెట్టి, చిన్న సంచీతో బయటికి రండి.

కాలం విషయానికొస్తే, మార్చి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు చెర్రీ పూలు, నవంబరులో ఎర్రబడిన ఆకులు ఉంటాయి. జూలై, ఆగస్టు నెలల్లో ఉక్కపోత మన కోస్తా జిల్లాల మే నెలను తలపిస్తుంది కాబట్టి ఇంత నడక అప్పుడు పెట్టుకోకపోవడమే మంచిది. చలికాలపు ఉదయాలు సున్నా డిగ్రీల దాకా వెళ్తాయి, కానీ జనం తక్కువ. చలి ఓర్చుకోగలవారికి అదే ఉత్తమ కాలం. కొన్ని మందిరాలలో పాదరక్షలు విప్పాలి కాబట్టి లేసులు లేని బూట్లు, శుభ్రమైన మేజోళ్ళు వేసుకోండి. ప్రవేశ రుసుములు ఆలయానికి ఒకటిగా విడివిడిగా కట్టాలి; ఒక్కొక్కటి వెయ్యి యెన్ల లోపే ఉంటుంది గాని అన్నిచోట్లా కార్డు చెల్లుతుందనుకోకుండా నగదు, చిల్లర వెంట ఉంచుకోవాలి. వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు కనిపించవు కాబట్టి మీ చెత్త మీ సంచిలోనే ఉండాలి.

ఇంగ్లీషులో వివరించే స్వచ్ఛంద గైడ్లు నారాలో ఉన్నారు. వారు కావాలంటే కొన్ని రోజుల ముందే అడిగి పెట్టుకోవాలి. పెద్దవారితో, పిల్లలతో వెళ్ళే కుటుంబంలో ఎవరో ఒకరు ముందే చదువుకుని తామే గైడుగా మారినా సరిపోతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసమే.

మాటల సంగతి ఒకటి ముందే తెలుసుకోవాలి. పేరు చివర ‘జీ’ లేదా ‘దెరా’ అని ఉంటే బౌద్ధాలయం, ‘దో’ అంటే ఆలయంలోని ఒక మందిరం, ‘జింజా’ లేదా ‘తైషా’ అంటే జపాన్ సొంత మతమైన షింతో దేవతల గుడి. బౌద్ధాలయంలో చేతులు జోడించి మౌనంగా నమస్కరిస్తే చాలు, చప్పట్లు కొట్టకూడదు. షింతో గుడిలో రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలి.

స్టేషన్ ముందు ఫౌంటెన్: గ్యోకి

కింతెత్సు స్టేషన్ బయట ఒక ఫౌంటెన్ మధ్య బౌద్ధ భిక్షువు విగ్రహం ఉంటుంది. స్నేహితులు కలుసుకునే గుర్తుగా ఊరివారందరికీ తెలిసిన చోటు అది. కానీ ఆయనెవరో తెలియకుండా ముందుకు వెళ్తే ఈ రోజంతా సగమే అర్థమవుతుంది. ఆయన పేరు గ్యోకి, 668లో పుట్టి 749లో మరణించాడు. ఆలయ ప్రాకారాలు దాటి ఊళ్ళలో తిరుగుతూ సామాన్య జనానికి బోధించినందుకు 717లో రాజాస్థానం ఆయనను తప్పుపట్టింది. ప్రజలతో కలిసి వంతెనలు కట్టించి, చెరువులు తవ్వించిన ఆయన అవసరం తర్వాత అదే ఆస్థానానికి పడింది.

735 నుంచి 737 వరకు మశూచి జపాన్‌ను ఊడ్చేసింది. రాజ్యాన్ని నడిపిస్తున్న ఫుజివారా సోదరులు నలుగురూ ఒకే ఏడాదిలో పోయారు. ఆ దుఃఖంలోంచే 743లో షోము చక్రవర్తి మహాబుద్ధ విగ్రహానికి ఆజ్ఞ జారీ చేశాడు. ఒక గడ్డిపోచ, పిడికెడు మన్ను తెచ్చి ఇచ్చేవారిని కూడా కాదనవద్దని ఆ ఆజ్ఞలో ఉంది. మనం ఉడతాభక్తి అనేది సరిగ్గా ఇదే. ఆ పిడికెళ్ళను పోగుచేసే పని గ్యోకి భుజాన పడింది, 745లో ఆయనకు భిక్షువులలో అత్యున్నత పదవి లభించింది. ఈ నడక చివర్లో ఆయన పేరు మళ్ళీ తగులుతుంది.

ఫౌంటెన్ నుంచి తూర్పు దిక్కుగా పెద్ద రోడ్డు వెంట నడవండి. కుడివైపు కోఫుకుజీ కనిపిస్తుంది, కానీ ఇప్పుడు లోపలికి వెళ్ళవద్దు. దగ్గరగా ఉంది కదా అని అందరూ మొదట అక్కడే ఆగిపోతారు, మహాబుద్ధుడున్న తోదాయ్‌జీ చేరేసరికి బడి పిల్లల బస్సులన్నీ వచ్చేసి ఉంటాయి. తోదాయ్‌జీ మహామందిరం ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఉదయం 7:30కు, మిగిలిన నెలల్లో 8 గంటలకు తెరుస్తారు. తెరిచే వేళకు అక్కడుంటే తొలి అరగంట ఆ మందిరం దాదాపు మీదే.

దారిలో జింకలు

నారా పార్కులో 1,300కు పైగా జింకలు స్వేచ్ఛగా తిరుగుతాయి. కసుగా గుడి దేవత తెల్లజింకనెక్కి వచ్చాడన్న నమ్మకం వల్ల వీటిని శతాబ్దాలుగా దైవదూతలుగా చూశారు; 1957లో ప్రభుత్వం వీటిని సహజ స్మారకంగా ప్రకటించింది. పెంపుడు జంతువులు కావు, అడవి జంతువులే. వాటి కోసం అమ్మే బియ్యపు తవుడు బిస్కట్లు తప్ప మరేదీ పెట్టకూడదు. మీరు తల వంచితే అవీ తల వంచుతాయి. అది చూసి మురిసి, బిస్కట్టు చూపించి ఊరించడం మొదలుపెడితే కొరుకుతాయి, పొడుస్తాయి. ఉన్నవన్నీ వెంటనే పెట్టేసి, ఖాళీ అరచేతులు రెండూ చూపిస్తే వెళ్ళిపోతాయి. శరదృతువులో జత కట్టే కాలపు మగజింకలకు, వేసవి మొదట్లో పిల్లలతో ఉన్న తల్లులకు దూరంగా ఉండాలి. టికెట్లు, పటాలు జేబు అంచున వదిలేయవద్దు. కాగితమంటే వాటికి మహా ప్రీతి.

దక్షిణ మహాద్వారం

తోదాయ్‌జీ దక్షిణ ద్వారమైన నందైమోన్ దగ్గర కనీసం పది నిమిషాలు ఆగండి. 1180 అంతర్యుద్ధంలో తైరా వంశపు సేనలు పెట్టిన మంటల్లో తోదాయ్‌జీ, కోఫుకుజీ రెండూ కాలిపోయాయి. అరవై ఏళ్ళు దాటిన చోగెన్ అనే భిక్షువు పునర్నిర్మాణ బాధ్యత తీసుకున్నాడు. 1199లో లేచిన ఈ ద్వారం ఆయన పనే. లోపల నిలబడి పైకి చూస్తే నడుమ కప్పు ఉండదు. స్తంభాలు, వాటిని చీల్చుకుని పోయే అడ్డదూలాలు నేరుగా పైకప్పు దాకా కనిపిస్తాయి. ఈ శైలిని ఒకప్పుడు తెంజికు శైలి, అంటే భారతీయ శైలి అని పిలిచేవారు. నిజానికి అది చైనా నుంచి వచ్చింది, మనకేమీ సంబంధం లేదు. దూరం నుంచి వచ్చిన గొప్పదానికి భారతదేశం పేరు పెట్టడం ఆనాటి అలవాటు.

ద్వారానికి రెండు పక్కలా ఎనిమిది మీటర్లు దాటిన చెక్క ద్వారపాలకులు ఎదురెదురుగా నిలబడి ఉంటారు. 1203లో ఉన్‌కెయ్, కైకెయ్ మొదలైన శిల్పులు వీరిని 69 రోజుల్లో పూర్తిచేశారు. లోపలికి వెళ్తున్నప్పుడు ఎడమవైపు ఉన్నవాడి నోరు తెరిచి ఉంటుంది, కుడివైపు వాడిది మూసి ఉంటుంది. తెరిచిన నోరు ‘అ’కారం, మూసిన నోరు ‘హూం’కారం. సృష్టి ఆరంభం నుంచి అంతం వరకు ఉన్నదంతా ఈ రెండు ధ్వనుల మధ్యే ఉందని భావం. పిల్లలకు ఇది చెప్పండి. తర్వాత జపాన్‌లో ఏ గుడి వాకిట్లోనైనా సింహాల నోళ్ళను వాళ్ళే పరిశీలిస్తారు.

మహాబుద్ధ మందిరం

ప్రాంగణంలోకి వెళ్ళగానే అందరూ మందిరాన్ని ఫొటో తీస్తూ, దాని ముందున్న అష్టకోణపు కంచు దీపస్తంభాన్ని దాటిపోతారు. ఎనిమిదో శతాబ్దం నుంచి అన్ని మంటలనూ తట్టుకుని నిలిచినది ఆ దీపం. దాని జాలీపై వేణువు, తాళాలు వాయిస్తున్న బోధిసత్త్వులను ముందు చూసి, అప్పుడు తలెత్తండి.

ఎదురుగా ఉన్న మందిరం 1709 నాటిది. 1180లో ఒకసారి, 1567లో మరోసారి కాలిపోయాక కట్టిన మూడోది. 57 మీటర్ల వెడల్పు, 50 మీటర్లకు కొంచెం తక్కువ ఎత్తు. మొదటి మందిరం వెడల్పు 86 మీటర్లని తెలిస్తే గాని ఆనాటి ఊహ పరిమాణం అందదు. అన్నట్టు, ఇక్కడ బూట్లు విప్పనక్కరలేదు. గుడిలోకి చెప్పులతో అడుగుపెట్టడానికి మనకు కాలు రాదు గాని, అక్కడి పద్ధతి అదే.

లోపలి విగ్రహం ఎత్తు సుమారు 15 మీటర్లు. ఈయన వైరోచన బుద్ధుడు. కుడిచేయి అభయముద్రలో, ఎడమచేయి వరదముద్రలో ఉంటాయి. దాదాపు 500 టన్నుల కంచును కింది నుంచి పైకి ఎనిమిది అంచెలుగా, 747 నుంచి 749 వరకు మూడేళ్ళు పోతపోశారు. 855 భూకంపంలో తల ఊడి పడింది, తర్వాతి మంటల్లో మళ్ళీ కరిగింది; ఇప్పుడున్న తల పదిహేడో శతాబ్దం చివరిది. అందుకే ముఖానికీ కింది భాగానికీ రంగులో తేడా కనిపిస్తుంది. పద్మపీఠపు రేకుల్లో కొన్ని మాత్రం మొదటినాటివి, వాటిపై లోకాల చిత్రం సన్నని గీతలతో చెక్కి ఉంది.

ఇక్కడ కాసేపు నిలబడి చెప్పుకోవలసిన కథ ఒకటుంది. విగ్రహ ప్రతిష్ఠలో నేత్రోన్మీలనం జరిగే వరకు శిల్పం శిల్పమే, ఆ తర్వాతే దేవుడు అని మన ఆగమాలు చెబుతాయి. సరిగ్గా అదే క్రతువు 752లో ఇక్కడ జరిగింది. ఆ మహాబుద్ధుడి కన్నులు తెరిచినవాడు భారతదేశం నుంచి వచ్చిన భిక్షువు బోధిసేనుడు. చైనా మీదుగా ప్రయాణించి, మశూచి రాజుకుంటున్న 736లోనే ఆయన జపాన్ తీరం చేరాడు. నానివా రేవులో, అంటే ఇప్పటి ఒసాకాలో, ఆయనకు ఎదురేగి స్వాగతం చెప్పినవాడు గ్యోకి. పొద్దున్న ఫౌంటెన్ మీద చూసిన ఆ భిక్షువే. కన్నులు దిద్దిన కుంచెకు పొడవైన పట్టుదారాలు కట్టి, వాటి కొసలను కిందనున్న వారు పట్టుకున్నారట. ఆ విధంగా కన్నులు తెరవడంలో వారందరికీ భాగం దక్కింది. ఆ కుంచె, నీలిరంగు దారం ఇప్పటికీ ఉన్నాయి. 1180 మంటల తర్వాత, 1185లో మళ్ళీ కన్నులు తెరవవలసి వచ్చినప్పుడు పదవి వీడిన చక్రవర్తి గో-షిరకవా అదే కుంచెను తెప్పించి వాడాడు. బోధిసేనుడు స్వదేశానికి తిరిగి రాలేదు, 760లో అక్కడే మరణించాడు. నారా పడమటి శివార్లలోని ర్యోసెన్‌జీలో ఆయన సమాధి ఉంది. ఆసక్తి ఉన్నవారు మరో రోజు వెళ్ళవచ్చు.

విగ్రహం చుట్టూ ప్రదక్షిణగా నడవండి. వెనుక మూలల్లో నిలబడిన ఇద్దరు దిక్పాలకుల్లో ఒకరు విరూపాక్షుడు, మరొకరు వైశ్రవణుడు, అంటే మన కుబేరుడు. వెనుక కుడివైపు స్తంభం అడుగున ఒక రంధ్రం ఉంటుంది. బుద్ధుడి నాసికారంధ్రమంత వెడల్పని చెబుతారు. పిల్లలు సులువుగా దూరిపోతారు, పెద్దలు ప్రయత్నించకపోవడమే గౌరవం. బయటికి వచ్చాక ఎర్రటి గుడ్డ కప్పుకున్న చెక్కవిగ్రహం బింజురు, అంటే బుద్ధుడి శిష్యుడైన పిండోల భరద్వాజుడు. మనకు నొప్పి ఉన్నచోటనే ఆయన ఒంటిని తాకి, తర్వాత మనల్ని తాకుకుంటే నయమవుతుందని నమ్మకం. ఆయన మోకాళ్ళు నునుపుదేరి ఉండటం చూస్తే మోకాళ్ళ నొప్పులకు దేశభేదం లేదని తెలుస్తుంది.

మందిరం వెనుక కొద్ది దూరంలో షోసోఇన్ ఉంది. షోము మరణించాక, 756లో కోమ్యో మహారాణి ఆయన వస్తువులను మహాబుద్ధుడికి సమర్పించింది. వాటిని భద్రపరిచిన దుంగల కట్టడం ఇది. పైన చెప్పిన కుంచె, దారం చేరినది ఈ నిధిలోకే. పనిదినాల్లో బయటినుంచి చూడనిస్తారు. ఆ నిధుల్లో కొన్నింటిని ఏటా అక్టోబరు చివర, నవంబరు మొదట్లో నారా జాతీయ మ్యూజియంలో ప్రదర్శిస్తారు. ఆ రెండు వారాలలో జనం విపరీతం.

నిగత్సుదో, హొక్కెదో

మందిరం వెనుకనుంచి మట్టిగోడల మధ్య రాళ్ళు పరిచిన దారి మెల్లగా ఎక్కుతూ నిగత్సుదోకు చేరుతుంది. ఈ మొత్తం నడకలో అతి అందమైన నాలుగు వందల అడుగులు ఇవేనని నాకనిపిస్తుంది. పైన కొండవాలుపై చెక్క వసారా, అక్కడినుంచి మహామందిరపు కప్పు, దాని వెనుక ఊరంతా. ప్రవేశ రుసుము లేదు. ఇక్కడ షునీ-ఎ అనే పశ్చాత్తాప వ్రతం 752 నుంచి ఒక్క ఏడూ తప్పకుండా జరుగుతోంది. మార్చి 1 నుంచి 14 వరకు ప్రతి రాత్రీ పెద్ద కాగడాలను ఈ వసారా మీద పరుగెత్తిస్తూ నిప్పురవ్వలు రాలుస్తారు. ఆ రవ్వలు మీద పడితే మంచిదని జనం కింద నిలబడతారు. ప్రస్తుత కట్టడం 1669 నాటిది. దానికి ముందున్నది ఈ వ్రతం జరుగుతుండగానే మంటల్లో పోయింది.

కిందికి దిగగానే హొక్కెదో ఉంది. ఊరిలో పేరున్నంతగా పర్యాటకులలో దీనికి పేరు లేదు, అందువల్ల ప్రశాంతంగా ఉంటుంది. తోదాయ్‌జీలో మిగిలిన అతి పాత కట్టడం ఇదే, ఎనిమిదో శతాబ్దపుది. లోపల నుదుట మూడో కన్నుతో, ఎనిమిది చేతులతో నిలిచిన అమోఘపాశ అవలోకితేశ్వరుడు, ఆయనకు తోడుగా బ్రహ్మేంద్రులు, చుట్టూ దిక్పాలకులు. ఇక్కడ ఫొటోలు నిషిద్ధం. కూర్చుని చూడండి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఐదు నిమిషాలు పడుతుంది, అప్పటివరకు లేవవద్దు.

కసుగా తైషా

హొక్కెదో నుంచి దక్షిణంగా, వకాకుసా కొండ పాదం వెంట పావుగంట నడిస్తే అడవి మొదలవుతుంది. అందులో 768లో నెలకొన్న కసుగా తైషా ఉంది. ఫుజివారా వంశపు కులదేవతల గుడి ఇది. దారికి రెండు పక్కలా నాచు పట్టిన రాతి దీపాలు సుమారు రెండు వేలు, లోపల చూరుకు వేలాడే లోహపు దీపాలు సుమారు వెయ్యి. అన్నీ భక్తులు మొక్కుకుని ఇచ్చినవే. వీటిని ఏడాదిలో ఫిబ్రవరి మొదట్లో, ఆగస్టు 14, 15 తేదీల్లో మాత్రమే వెలిగిస్తారు. మిగిలిన రోజుల్లో లోపలి ఒక చీకటి గదిలో కొన్ని దీపాలను వెలిగించి ఉంచుతారు, దాన్ని వదలవద్దు.

మధ్యాహ్న భోజనానికి ఇదే సమయం. శాకాహారులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: కూరగాయల పులుసులా కనిపించేదానిలోనూ ఎండబెట్టిన చేపతో తీసిన దాషి రసం ఉంటుంది. జపనీస్‌లో ‘కాకి’ అనే పెర్సిమన్ పండు చెట్టు ఆకుల్లో చుట్టిన సుషీ నారా ప్రత్యేకత, అందులోనూ చేప ఉంటుంది. చగాయు అనే తేనీటి గంజి, జిగురుబియ్యపు మోచి శాకాహారులకు కొంత నయం. గంజి తోడుగా వచ్చే పదార్థాలను అడిగి తెలుసుకోండి. ఖచ్చితంగా పాటించేవారు పులిహోరో, చపాతీలో కట్టుకుని రావడమే నిశ్చింత, జింకలు చూడని చోట తినాలి.

గుసగుసల దారి, షిన్ యకుషీజీ

కసుగా నుంచి నైరుతి దిశగా, అడవిలోంచి ‘గుసగుసల దారి’ అనే సన్నని బాట తకబతాకె వీధుల్లోకి దిగుతుంది. మరికొంత దూరంలో షిన్ యకుషీజీ ఉంది. కోమ్యో మహారాణి 747లో స్థాపించిన ఈ ఆలయంలో రోగాలు నయం చేసే భైషజ్యగురు బుద్ధుడి చుట్టూ పన్నెండుగురు సేనానులు వలయంగా బయటికి చూస్తూ నిలబడి ఉంటారు. నిలువెత్తు మట్టి విగ్రహాలు. జుట్టు నిక్కబొడుచుకుని అరుస్తున్న సేనాని ముందు ఎక్కువసేపు నిలబడతారు అందరూ. కాళ్ళు నొప్పెడుతున్నవారు ఈ మజిలీని వదిలి, కసుగా నుంచి నేరుగా పాత ఇళ్ళ పేట అయిన నారామాచికి వెళ్ళవచ్చు.

నారామాచి, గంగోజీ

నారామాచి వీధుల్లో ఇళ్ళ ముఖం ఇరుకుగా, లోతు ఎక్కువగా ఉంటుంది; వీధివైపు చెక్క జాలీలు. చూరుకు వేలాడే ఎర్రగుడ్డ కోతి బొమ్మలు ఇంటివారికి రావలసిన కీడును తాము తీసుకుంటాయని నమ్మకం. మన గుమ్మానికి కట్టే గుమ్మడికాయ చేసే పనే. ఈ వీధులన్నీ ఒకప్పుడు గంగోజీ ఆలయ ప్రాంగణమే. 1451 మంటల తర్వాత ఆ ఖాళీలో ఊరు పెరిగింది.

మిగిలిన గంగోజీ చిన్నది, కానీ తెలుగువారు తప్పక చూడవలసినది. ఇది ఆరో శతాబ్దం చివర, నారాకు దక్షిణాన ఉన్న అసుకాలో మొదలైన ఆలయం, 718లో నారాకు తరలింది. సన్‌రోన్ అనే మూడు శాస్త్రాల బౌద్ధ శాఖకు ఇది ముఖ్య కేంద్రం. ఆ మూడింటిలో రెండు ఆచార్య నాగార్జునుడివి, ఒకటి ఆయన శిష్యుడు ఆర్యదేవుడిది. కృష్ణాతీరంలోని నాగార్జునకొండ ఎవరి పేరు మోస్తోందో ఆ ఆచార్యుణ్ణే జపాన్‌లో ర్యూజు అంటారు. మన లోయ 1960లలో జలాశయం కింద మునిగిపోయింది. ఆయన వాదాలను ఇక్కడి భిక్షువులు ఎనిమిదో శతాబ్దంలోనే కూర్చుని తర్కించారు.

ప్రధాన మందిరం వెనుకవైపు వెళ్ళి పడమటి కప్పును చూడండి. బూడిదరంగు పెంకుల మధ్య ఎరుపు, గోధుమ, నలుపు రంగుల పెంకులు కలగలిసి ఉంటాయి. వాటిలో కొన్ని అసుకా నుంచి తెచ్చినవి, అంటే పద్నాలుగు వందల ఏళ్ళుగా వాన కాస్తున్నవి. ఒకదానిపై ఒకటి ఎక్కేలా పేర్చిన ఈ పద్ధతి పేరు గ్యోకి-బుకి. పొద్దుటి భిక్షువు పేరే.

చివరి మజిలీ: కోఫుకుజీ

గంగోజీ నుంచి మూడున్నరకు బయలుదేరితే సరుసావా చెరువు మీదుగా, యాభై రెండు మెట్లెక్కి కోఫుకుజీ చేరుకోవచ్చు. 1426లో కట్టిన ఐదంతస్తుల గోపురం యాభై మీటర్లది. కొన్నేళ్ళుగా మరమ్మతుల్లో ఉంది కాబట్టి తెరల వెనుక దాగి ఉంటే నిరాశపడవద్దు. ఈ ఆలయానికి ప్రహరీ ఎందుకు లేదని పిల్లలు అడగవచ్చు. 1868లో ప్రభుత్వం బౌద్ధాన్నీ షింతోనూ విడదీయడంతో కసుగాతో కలిసి ఉన్న కోఫుకుజీ కుదేలైంది, గోడలు పోయాయి, దాని స్థలమే 1880లో పార్కుగా మారింది. పొద్దున్నుంచి ఎక్కడ గుడి ముగిసి ఎక్కడ పార్కు మొదలైందో తెలియకుండా నడిచింది అందుకే.

ఆలయపు విగ్రహాలుంచిన నిధి మందిరం ఐదింటికి మూస్తారు, పావుగంట ముందే ప్రవేశం ఆపేస్తారు. నాలుగు గంటలకల్లా లోపల ఉండండి. బుద్ధుణ్ణి కాపాడే అష్టగణాలు ఇక్కడ వరుసగా నిలబడి ఉంటాయి: ముక్కుతో గరుడుడు, కొమ్ముతో కిన్నరుడు, సింహపుతల కిరీటంగా గంధర్వుడు, అందరి మధ్య మూడు ముఖాలు, ఆరు చేతుల అసురుడు. కోమ్యో తన తల్లి పోయిన ఏడాదికి, 734లో, ఆమె కోసం చేయించినవివి. లక్కలో ముంచిన గుడ్డను పొరలుగా అంటించి, లోపలి మట్టిని తీసేసిన బోలు విగ్రహాలు కావడంతో మనిషి ఎత్తుకుని పరుగెత్తగలంత తేలిక. ఇన్ని మంటల నుంచి బయటపడింది అందువల్లనే. మన కథల్లో అసురుడంటే కోరలు, గదలు. ఇక్కడ మాత్రం సన్నని చేతులతో నమస్కరిస్తున్న కుర్రవాడు. మొదట ఎడమవైపు నుంచి, అక్కడ పెదవి కొరుకుతున్న ముఖాన్ని చూసి, మెల్లగా మధ్యకు రండి. మధ్య ముఖపు కనుబొమ్మలు కొద్దిగా ముడిపడి ఉంటాయి, కోపంతో కాదు. చూడటం ముగించి బయటికి వస్తే ఫౌంటెన్ ఐదు నిమిషాల నడక.